గన్నేరు పప్పు

“ఎంత తినిందో చెప్పకుంటే ఎట్లమ్మా?” డాక్టర్ ఇర్ఫానా మళ్లీ అడిగింది.

కృపాకుమారికి తెలియదు. ఉపాధి పని నుంచి ఇంటికి వచ్చేసరికి ఆరేళ్ల కూతురు గౌతమి వాకిట్లో పచ్చగన్నేరు చెట్టు కింద వాంతులు చేసుకుంటోంది. పక్కన పగలగొట్టిన కాయలు, నూరిన రాయి. బిడ్డను భుజాన వేసుకుని, దొరికిన ఆటో ఎక్కి శింగనమల నుంచి అనంతపురం ఆసుపత్రికి తెచ్చింది.

గుండె కొట్టుకోవడం చూపే తెర మీద పచ్చగీత ఒకసారి లేచి, చాలాసేపు చదునుగా సాగి, మళ్లీ ఎప్పటికో లేస్తోంది. గన్నేరు విషం గుండె లయను దెబ్బతీస్తుందని, చిన్నపిల్లలకు కొంచెమైనా ప్రమాదమేనని ఇర్ఫానా చెప్పింది. ఇంజెక్షన్లకు గుండె వేగం పెరగలేదు. నరంలోంచి తీగ పంపి, యంత్రంతో గుండెను కొట్టించాలంది.

“బతుకుతాదా మేడమ్?”

“ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా.”

కృపాకుమారి తలుపు బయట కూలబడింది. ఇంట్లో మిగిలిన ఒక్క సంకటి ముద్దా పొద్దున బిడ్డకు పెట్టి, చూపు లేని మామ యేసన్నకు అప్పగించి పోయింది. కళ్లు లేని మనిషి పిల్లను ఏం కనిపెట్టుకుంటాడు? తప్పంతా తనదే అనిపించింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

అంతలో పక్కింటి అంజనమ్మ ఫోన్ చేసింది. ముసలాయన ముసుగు తన్ని పడుకున్నాడని, పిలిచినా పలకలేదని, లేపి విషయం చెప్పమంటావా అని అడిగింది.

“వద్దులే అక్కా. జేజినాయనకు మనవరాలంటే పానం. ఇంటే తట్టుకోలేడు. పండుకోనీ.”

తీగ వేశాక గీత వరసగా లేవసాగింది. చీకటి పడే వేళకు గౌతమి కళ్లు తెరిచింది. కృపాకుమారి బిడ్డ అరికాళ్లు పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఇర్ఫానా వంగి మెల్లగా అడిగింది. “ఎంత తిన్నావు బంగారూ?”

“రోంతే. చేదుగా ఉండాది,” అంది గౌతమి. “జేజినాయన ఆకలి అంటాంటే పప్పు చేసినా. బాగుండాదమ్మీ అని అంతా ఆయనే తినేసినాడు.”