వెలిసిన ఎరుపు

"అద్దానికి ముక్కు ఆనించకు! బొమ్మ చూస్తున్నావా, వాసన చూస్తున్నావా?"

చిత్రకారుడి మాటకు ప్రదర్శనశాలలో ఉన్న నలుగురూ నవ్వారు.

మాట పడ్డ ముసలాయన మాత్రం ఉలిక్కిపడలేదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ అదే బొమ్మ మీదికి వంగాడు.

ఉతికి ఉతికి పలచబడిన చొక్కా. గోళ్ల సందుల్లో రంగు.

ఇళ్లకు పెయింట్లు వేసేవాడని, పని అడగడానికి వచ్చాడని చిత్రకారుడు ఒక్క చూపులో తేల్చేశాడు.

పక్కన కూర్చున్న విలేకరి అమ్మాయి వైపు తిరిగాడు.

"ఎక్కడున్నాం?"

"నీటిరంగుల వైపు ఎలా వచ్చారో చెబుతున్నారు సార్."

"పౌరుషం కొద్దీ వచ్చానమ్మా. మా డ్రాయింగు మాస్టారు 'నీటిరంగు నీ వల్ల కాదు' అన్నాడు. ఇప్పుడు ఆయన బొమ్మలు ఎలకలు కూడా కొరకవు."

"అంత కష్టమా సార్, నీటిరంగు?"

"నూనెరంగుల్లో తప్పు చేస్తే పైన ఇంకో పూత పూసి కప్పేసుకోవచ్చు. ఇది అలా కాదు. పడిందా, పడ్డట్టే. చేతకానివాళ్లు ఇటు రారు."

"మరి మీకు ప్రేరణ?"

అతను కిటికీ పక్కన వేలాడుతున్న బొమ్మను చూపించాడు.

ఎర్ర శాలువా కప్పుకున్న పెద్దావిడ. బుగ్గల్లో పలచటి ఎరుపు. ఎవరినో కసిరి, వెంటనే నవ్వు ఆపుకుంటున్నట్టున్న పెదవులు.

"మా అమ్మ. ఫొటో తీస్తానంటే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పోయే ముందు నెలలో మాత్రం, 'గీసుకోరా, కదలకుండా కూర్చుంటా' అంది. ఆవిడ ముఖం మాకు ఈ కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు."

ఒకసారి బొమ్మను చూసి, మళ్లీ అమ్మాయి వైపు తిరిగాడు.

"మీకు నచ్చిన కుంచెలు, రంగులు?"

"కుంచె మెత్తగా ఉండాలి, నీళ్లు బాగా పట్టాలి. కాగితం మందంగా, గరుకుగా ఉండాలి. ఇక రంగులంటావా, ఏ ట్యూబయితే ఏంటి? ట్యూబు బొమ్మ గీస్తుందా?"

అప్పుడు ముసలాయన దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఈ బొమ్మ ఈ యేడాది గీసిందేనా?"

"అయితే?"

"ఈ ఎరుపు నిలవదు బాబూ. వెలిసిపోతుంది. దీన్ని కిటికీ దగ్గర్నుంచి తీసేయండి. ఎండ తగలకూడదు."

"దేవుళ్లు వెలుస్తారు గానీ, బొమ్మలు వెలుస్తాయటయ్యా?"

విలేకరి అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"వేళాకోళం కాదు. అవతలి గదిలో మీ పాత బొమ్మలు చూశాను. వాటికి ఢోకా లేదు. ఇదొక్కటే..."

"ఈ మధ్య ఎవరి గోడ పాడుచేశావు?"

"ఆఁ?"

"ఎండకు వెలిసేది మీరు గోడలకు కొట్టే డబ్బా రంగు. ఇది కళ. నాకు పాఠం చెప్పడానికి వచ్చావా?"

"మీ చేతిలో లోపం లేదు బాబూ. అమ్మగారు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అందుకే చెబుతున్నా. నేను ఈ రంగు..."

"వాచ్‌మన్! ఎవర్ని పడితే వాళ్లని లోపలికి వదిలేస్తావా?"

వాచ్‌మన్ వచ్చి భుజం పట్టుకున్నాడు.

ముసలాయన వెనక్కి నడుస్తూనే అన్నాడు. "పోనీ, ఇదే రంగు వేరే కాగితం మీద పూసి, సగం అట్టతో కప్పి, ఎండలో పెట్టి చూడండి. పదిరోజుల్లో మీకే తెలుస్తుంది."

"తప్పకుండా! ఆ పదిరోజులూ నిన్ను కూడా పక్కనే ఎండబెడతాను!"

ఈసారి నవ్వు మెట్ల దాకా వినిపించింది.

మర్నాడు పత్రికలో అది కూడా వచ్చింది, 'గోడల పెయింటర్ విమర్శ' అన్న పేరుతో. చదివి మళ్లీ నవ్వుకున్నాడు.

ప్రదర్శన జరిగిన మూడు నెలలూ బొమ్మను కిటికీ పక్కనే ఉంచాడు. పంతం కొద్దీ ఉంచాడు. రోజూ చూసే కంటికి తేడా తెలియలేదు.

ప్రదర్శన ముగిసే రోజున అక్క వచ్చింది. బొమ్మను చూడటం ఆవిడకు అదే మొదలు.

దగ్గరికెళ్లి బొమ్మలోకి తొంగి చూసింది.

"ఏంట్రా, అమ్మను పోయాక గీశావా?"

"అదేం మాటే అక్కా!"

"నువ్వే చూడు."

చూశాడు.

శాలువాలో మడతల నీడలు మాత్రమే మిగిలాయి. బుగ్గలు ఉత్త కాగితం. ఆపుకున్న నవ్వు లేదు. అది నిలిచిన పెదవులూ లేవు.

అద్దం విప్పించి, కుంచె తడిపి, బుగ్గ మీద ఆనించాడు. కింద ఉన్న కాస్త నీడ కూడా నీటికి కరిగి కంటి దాకా పాకింది.

"ఆపరా! ఉన్నది కూడా పోతోంది!" అక్క చెయ్యి పట్టుకుంది.

ఇంట్లో మిగిలిన ఎర్ర ట్యూబు తీసుకుని రంగుల దుకాణానికి పరుగెత్తాడు. బల్ల మీదికి విసిరికొట్టాడు.

"ఇరవై రెండేళ్లుగా ఇదే కొంటున్నాను. మనుషులకు అమ్మే సరుకేనా ఇది?"

దుకాణదారు ట్యూబు తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యో, మీ దగ్గరికి ఆ పెద్దాయన రాలేదా సార్? ఈ ఎరుపు కొన్నవాళ్ల పేర్లన్నీ అడిగి రాసుకుని వెళ్లాడే!"

"ఎవరాయన?"

"ముప్పయ్యేళ్లు ఈ ఎరుపు తయారుచేసిన మనిషి సార్, ఈ యేడాది కంపెనీవాళ్లు చవకరకం పొడి కలపమన్నారని ఆ పని మానేసి, తను కలపని రంగుకు తనే ఇల్లిల్లూ తిరిగి క్షమాపణ చెప్పుకుంటున్నాడు."