సెల్ టవరంత ఎత్తున బెలూన్

"తాడు గట్టిగా పట్టుకో క్లెమెంట్! గాలికి బెలూన్‌తో పాటు నేనూ ఎగిరిపోయేలా ఉన్నాను!" అని అరిచింది హెస్టర్.

"పోతే పో. ఊరికి కాస్త ప్రశాంతత," అన్నాడు క్లెమెంట్. అన్నాడే గానీ, బూట్లు గడ్డిలో దిగేసి, తాడు చేతికి చుట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు.

యార్క్‌షైర్ కొండల్లోని కార్ల్‌బెక్ ఊరు ఊరంతా ఆ ఉదయం పచ్చిక మైదానంలోనే ఉంది. మైదానం మూల సెల్ టవర్ పెడతామని ఫోన్ కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. వద్దనేవాళ్లకు నాయకురాలు హెస్టర్. కావాలనేవాడు ఒక్కడే, గొర్రెల క్లెమెంట్. ఇద్దరూ అరవై దాటినవాళ్లే, ఇద్దరిదీ ఒంటరి కాపురమే. ఆమె రోజూ పొద్దున్నే అతని గేటు దగ్గరికి వెళ్లి తిట్టి దులిపేసి వచ్చేది. అయినా అతను ఒక్క మెట్టూ దిగలేదు.

ఇవాళ కౌన్సిల్ నుంచి ప్లానింగ్ ఆఫీసరు చోటు చూడ్డానికి వస్తోంది. టవర్ ఎంత ఎత్తుంటుందో కళ్లకు కట్టినట్టు చూపాలని అంత పొడవు తాడుకు బెలూన్ కట్టి వదిలారు. ఊరు మొత్తం వెతికినా అంత పెద్ద బెలూన్ ఒక్కటే దొరికింది. ఎర్రగా, గుండ్రంగా, 'పుట్టినరోజు శుభాకాంక్షలు' అని రాసి ఉంది.

ఆఫీసరు ఇమోజెన్ కారు దిగి పైకి చూసింది. "పుట్టినరోజు ఎవరిది?"

"టవర్‌ది. మీరు సంతకం పెడితే," అన్నాడు క్లెమెంట్.

"కాదు, ఇవాళ దాని వర్ధంతి!" అంది హెస్టర్.

జనం గొల్లున నవ్వారు. కుక్కలు బెలూన్ నీడ వెంట పరుగులు తీశాయి. రొట్టెల కొట్టు డోర్కస్ ముందుకు తోసుకొచ్చి, "ఆ టవర్ వల్ల తలనొప్పులొస్తాయటమ్మా!" అంది.

"రేడియేషన్ హద్దులో ఉంటుందని కంపెనీ ధ్రువపత్రం ఇచ్చిందండీ. ఇక దాన్ని నేను ముట్టుకోలేను. ఎక్కడ పెడుతున్నారు, చూడ్డానికి ఎలా ఉంటుంది, అంతవరకే నా పని," అంది ఇమోజెన్.

"నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను!" అని హెస్టర్ డోర్కస్ మీద విరుచుకుపడింది. "ఆ తలనొప్పులు వదిలెయ్యండి, చోటు గురించి కౌన్సిల్‌కి రాయండి అని ఇల్లిల్లూ తిరిగానా లేదా? గడువులోగా కౌన్సిల్ వాళ్లు జవాబివ్వకపోతే టవర్‌కి అనుమతి వచ్చేసినట్టే, తెలుసా?"

ఇమోజెన్ ఊరంతా తిరిగి చూసింది. పబ్బు గుమ్మంలోంచి చూస్తే బెలూన్ చెట్లచాటున ఉంది. చర్చి మెట్ల మీద నుంచి చూస్తే పైకప్పు అడ్డం. బడి ముందు నుంచి చూస్తే ఆకాశం తప్ప ఏమీ లేదు. వెనకాలే వస్తున్న జనం గొంతులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

"మా వంటింటి కిటికీలోంచి చూడండి!" అంది హెస్టర్ ఆఖరి ఆశతో.

సగం ఊరు ఆ వంటింట్లో ఇరుక్కుంది. ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. ఎవరో బల్ల మీది కేకు కోసుకు తినడం కూడా మొదలుపెట్టారు. తెరిచిన కిటికీకి సరిగ్గా నడుమ బెలూన్, దాని కింద తాడు, తాడు చివర గాలికి ఊగుతూ క్లెమెంట్.

"చూశారా ఎంత వికారమో!"

"బెలూనా, ఆయనా?" అన్నారెవరో. వంటిల్లు దద్దరిల్లింది.

ఇమోజెన్ తల ఓ పక్కకు వంచి చూసింది. "హెస్టర్ గారూ, టవరూ దాని పరికరాల పెట్టెలూ అక్కడుంటే వెనకాల ఏం కనబడకుండా పోతుంది? చర్చి అటువైపు, కొండ ఇటువైపు. ఇక్కడి నుంచి 'క్లెమెంట్' అని బోర్డున్న ఆ గేటు తప్ప నాకేమీ కనబడటం లేదే."

నవ్వులు ఆగిపోయాయి. హెస్టర్ చెవులు బెలూన్ రంగుకు తిరిగాయి.

"ఒకరి ఇంట్లోంచి కనబడే దృశ్యం మా లెక్కలోకి రాదండీ," అంది ఇమోజెన్ మెల్లగా.

అప్పుడు క్లెమెంట్ కిటికీ దగ్గరికి వచ్చాడు. బెలూన్ తాడు వెనక్కి లాగుతుంటే ఒక చేత్తో కిటికీ చట్రం పట్టుకున్నాడు.

"అమ్మాయ్! ఆ టవరేదో నా కొండ పొలంలో పెట్టుకోమను. గొర్రెల కొట్టం వెనక చెట్లున్నాయి, ఎవరి కంటా పడదు. ఊరంతటికీ సిగ్నలూ అందుతుంది."

ఇమోజెన్ మొహం వికసించింది. "ఇంతకన్నా మంచి చోటు ఉందంటే, ఇక్కడ వద్దనడానికి నాకు గట్టి కారణం దొరికినట్టే! అయినా క్లెమెంట్ గారూ, ఇన్నాళ్లూ ఊరితో తిట్లు తింటూ కూర్చున్నారే, ఈ మాట మొదటే చెప్పొచ్చుగా?"

క్లెమెంట్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"చెప్పేస్తే, ఈవిడ రోజూ పొద్దున్నే మా గేటు దగ్గరికి పోట్లాటకెందుకొస్తుంది అమ్మాయ్?"