సూర్యకళ గారి ఎరువు

శానిటరీ ఇన్‌స్పెక్టర్ రాజ్ కుమార్ వచ్చేసరికి సూర్యకళ వంగి, సిమెంటు వర అడుగు నుంచి ఎరువు లాగుతోంది.

"ఈ ఎరువు వరల మీద కంప్లయింట్ వచ్చిందండి," అన్నాడతను, మడత పెట్టిన కాగితం విప్పుతూ. "కంపు భరించలేకపోతున్నామట. దోమలట. పదిహేను రోజుల్లో తీసేయించకపోతే కలెక్టరు గారికి రాస్తారట. పేరు లేదు. కానీ ఇక్కడ ఉండేవాళ్లే రాశారు. ఏ వర ఎక్కడుందో కూడా ఉంది."

"ఎవరండీ ఆ రాసింది?" అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు దొరబాబు మొహం ఎర్రబడింది.

సూర్యకళ నడుం పట్టుకుని మెల్లగా లేచింది. చేతులకంటిన ఎరువు దులుపుకుంది.

కొవ్వూరులో గోదావరి గట్టుకి దగ్గరగా ఉన్న నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు అది. వెనక ప్రహరీ పక్కన మూడు వరలు. నూతుల్లో దింపేవే, గాలి ఆడేందుకు సూర్యకళ చుట్టూ చిల్లులు పెట్టించింది. ఆరేళ్ల క్రితం ఇరిగేషన్ ఆఫీసులో రిటైరైన కొత్తలో, తన ఇంటి కూరగాయ తొక్కలతో సరదాగా మొదలుపెట్టింది. ఆ ఎరువుకి బాల్కనీలో బంతి విరగబూసింది. చూసినవాళ్లంతా మా చెత్త కూడా తీసుకోండి అన్నారు. తీసుకుంది. కాదనడం ఆమెకి ఆఫీసులోనూ చేతకాలేదు, ఇంట్లోనూ చేతకాలేదు.

ఇప్పుడు నలభై ఇళ్ల తడిచెత్త రోజూ పొద్దున్నే దిగుతుంది. అందులో పాల ప్యాకెట్లుంటాయి, పిల్లల డైపర్లుంటాయి. ఒకసారి బ్లేడుంది; వేలు తెగింది. అన్నీ ఏరి, ఎండుటాకులూ ఊకా చల్లి, పుల్లమజ్జిగ చిలకరించి, మూడు రోజులకోసారి పారతో తిరగెయ్యాలి. లేకపోతే పురుగు పడుతుంది. భుజానికి బరువు తగలకూడదన్నాడు డాక్టరు. తగలకుండా పార ఎలా ఎత్తాలో చెప్పలేదు.

ఎరువు జల్లించిన ఆదివారం మాత్రం అందరూ సంచులు పట్టుకుని దిగుతారు. వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు.

కిందటేడు ఓసారి దొరబాబుతో అంది, "ఇంకెవరైనా కొన్నాళ్లు చూసుకుంటే బావుంటుందండి."

"అమ్మో! మీ చేతివాసి ఇంకెవరికొస్తుందండీ?" అని దణ్ణం పెట్టి లిఫ్టెక్కేశాడు.

ఆ మధ్య అమలాపురంలో అక్క అప్పాయమ్మ దగ్గరికి వెళ్లింది. మూడో రోజే అపార్ట్‌మెంటు నుంచి ఫోను. "వాసనొచ్చేస్తోందండి, ఎప్పుడొస్తారు?" నాలుగో రోజు బస్సెక్కేసింది. ఇప్పుడు అక్కకి మోకాలి ఆపరేషను. నెల్రోజులు వచ్చి తోడుండమని బతిమాలుతోంది.

ఆ సాయంత్రం సెల్లారులో మీటింగు పెట్టారు. వరలు తిరగెయ్యడానికి రమ్మంటే ఒక్కరూ దిగనివాళ్లు, ఆ రోజు కుర్చీలు చాలక నిలబడ్డారు.

"పోన్లెండి, తీసేద్దాం," అంది సూర్యకళ. "ఎవరికో ఇబ్బందిగా ఉంది కదా. చెత్తబండి ఎలాగూ రోజూ వస్తోంది."

"మీరలా అనకండి!" పక్క ఫ్లాటు వెంకటదుర్గ లేచింది. "ఆరేళ్ల నుంచీ రాని కంపు వాళ్లకి ఇప్పుడొచ్చిందా? మీ కష్టం మేం చూడట్లేదా?"

"కోపంతో కాదండి, నిజంగానే అంటున్నాను. తీసేద్దాం."

"చూశారా ఆవిడ మంచితనం!" దొరబాబు అందరివైపూ తిరిగాడు. "అంత మాట రాసినవాళ్లని కూడా పల్లెత్తు మాట అనట్లేదు!"

సూర్యకళ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. వరలు ఉండాల్సిందేనని అర్జీ రాసి ఇంటికొకరు సంతకం పెట్టారు. చివరికి ఆ కాగితం ఆమె ముందుకీ వచ్చింది. పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది. అందరూ చూస్తున్నారు. తనూ పెట్టింది.

మర్నాడు రాజ్ కుమార్ వచ్చి మూడు వరల్లోకీ తొంగి చూశాడు. గుప్పెడు ఎరువు తీసి వాసన చూశాడు.

"వాన పడ్డ మట్టి వాసన తప్ప ఇంకేం లేదండి. కంప్లయింట్ కొట్టేస్తున్నా. మీలాంటివాళ్లు వీధికొకరుంటే మా పని సగం తగ్గిపోద్ది."

ఆ మాటతో దొరబాబుకి హుషారొచ్చింది. "అయితే ఇంకో మూడు వరలు దింపుదాం! ఎదురు అపార్ట్‌మెంటువాళ్లు కూడా అడుగుతున్నారు. మేడమ్ గారుండగా మనకేంటండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. సూర్యకళ నమస్కారం పెట్టబోయింది. కుడి చెయ్యి సగం దాకానే లేచింది.

మధ్యాహ్నం ఇంట్లోకొచ్చి అక్కకి ఫోన్ చేసింది.

"బయల్దేరావా?" అంది అప్పాయమ్మ. "పదిహేను రోజుల్లో ఏదో ఒకటి తేలిపోతుందన్నావుగా?"

"తేలిపోయిందక్కా. రాలేను."

"ఏవైందే?"

"ఏం లేదు. ఇక్కడ అందరికీ నేనంటే చాలా ఇష్టం."

ఫోను పక్కన పెట్టి, భుజం కింద వేడినీళ్ల సంచి సర్దుకుని పడుకుంది.

తన రాత అందరూ పోల్చేస్తారని, ఆ కంప్లయింటుని ఎడంచేత్తో రాయడానికి ఆమెకి మూడు మధ్యాహ్నాలు పట్టింది.