నలభై ఒకటో నిమిషం

"డైరెక్టరుగారూ, మీ సినిమా నలభై ఒకటో నిమిషంలో చచ్చిపోతోంది."

ఓటీటీ కంపెనీలో లెక్కలు చూసే ప్యో హేరాన్ కంప్యూటర్ తెరను ఆవిడవైపు తిప్పింది. ఎంతమంది చూస్తున్నారో చూపే గ్రాఫ్‌లో గీత బుద్ధిగా సాగి సాగి, ఒకచోట బావిలో పడ్డట్టు పడిపోయింది.

"నూటికి ఎనభైమంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తున్నారు. మళ్లీ రావట్లేదు."

తక్ ఒక్‌రిమ్ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆ సినిమా తీయడానికి ఆవిడకి ఏడేళ్లు పట్టింది. సియోల్‌లో ఏ థియేటరూ తీసుకోలేదు. మిగిలింది ఈ ఓటీటీ ఒక్కటే. ఇక్కడ 'మీకోసం' వరసలోకి ఎక్కిన సినిమా బతుకుతుంది. ఎక్కనిది ఉన్నా లేనట్టే. ఏది ఎక్కాలో యంత్రం చెబుతుంది. యంత్రం చెప్పింది హేరాన్ చెబుతుంది.

"అది ఫోన్ మోగే సీను," అంది ఒక్‌రిమ్.

"ఖాళీ ఇల్లు. రెండు నిమిషాలు ఫోన్ మోగుతుంది. ఎవరూ ఎత్తరు. అంతేగా?"

"నువ్వు చూశావా అమ్మాయ్?"

"గ్రాఫ్ చూశాను. ఇంక సినిమా ఎందుకు?"

"మా చెల్లెలితో గొడవపడి తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. చివరికి నేనే దిగొచ్చి ఫోన్ చేశాను. నాలుగు రోజులు అలాగే మోగింది. అయిదోరోజు పోలీసులు తలుపు పగలగొట్టారు."

"మీరు నాలుగు రోజులు విన్నారు. జనం రెండు నిమిషాలు కూడా వినలేకపోతున్నారు."

"వెళ్లినవాళ్లు ఏం చూస్తున్నారు?"

"అదే విచిత్రం. ఇంకో సినిమా కూడా పెట్టుకోవట్లేదు. ఏకంగా టీవీ కట్టేస్తున్నారు. అంత విసుగు పుట్టించారండీ మీరు!"

ఒక్‌రిమ్ ఆ గీత పడిపోయినచోట వేలు పెట్టింది.

"ఆ సీను తీసేస్తే?"

"పైవరసలో పెట్టిస్తాను. కానీ పాత కాపీ ఎక్కడా మిగలకూడదు. మీ దగ్గర కూడా."

ఆవిడ సంతకం పెట్టింది. కళ్లద్దాలు బల్లమీదే మర్చిపోయి వెళ్లిపోయింది.

కోసిన సినిమా రెండు వారాల్లో పైకి ఎక్కింది. నూటికి తొంభైమంది చివరిదాకా చూశారు. చూసిన వెంటనే ఇంకోటి పెట్టుకున్నారు. బాసు హేరాన్‌ని అందరిముందూ మెచ్చుకున్నాడు.

పాత కాపీ చెరిపేముందు, అది అసలు ఫైలేనా కాదా అని ఎవరో ఒకరు చూసి తేల్చాలి. రూలు. మధ్యాహ్నం ఒంటిగంటకి దానంతటదే చెరిగిపోయేలా ఏర్పాటుచేసి, హేరాన్ తన సీట్లోనే కింబాప్ పొట్లం విప్పుకుని సినిమా వేసింది. అక్కడక్కడా చూసి వదిలేద్దామనుకుంది. వదల్లేదు.

ఖాళీ ఇంట్లో ఫోన్ మోగడం మొదలైంది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుంది.

నాలుగోసారి మోగేసరికి ఆమె కూడా, అందరిలాగే, సినిమా కట్టేసి, ఆరేళ్లుగా మాటల్లేని అక్కకి ఫోన్ చేసింది.