మురికి సందులో స్వాగత ద్వారం

ఊరి మురుగంతా వచ్చి చేరే ఒక సందులో కాకులు, కుక్కలు, ఎలుకలు కాపురముండేవి. ఓట్ల రోజులొచ్చాయి. పోటీకి నిలబడ్డ కోడిపుంజు గోడెక్కి, "నన్ను గెలిపిస్తే ముందేం చెయ్యమంటారు?" అని అడిగింది.

"కాలువలో పూడిక తీయించన్నా. వాన పడితే నీళ్లు మా కలుగులోకొస్తాయి," అంది నిండు చూలాలైన చుంచెలుక.

"అదే మొదటి పని, చెల్లీ," అంది పుంజు.

ఇంతలో కాకి అందుకుంది. "పక్క వీధులవాళ్లు మనల్ని చూసి ముక్కు మూసుకుంటున్నారు. సందు మొదట్లో స్వాగత ద్వారం కట్టించు. మన పరువు నిలబడుతుంది."

అన్నీ ఈలలు వేశాయి. ఆ ఈలలు విని పుంజు, "సరే, ముందు ద్వారం, తర్వాత కాలువ," అంది. ఆ అవమానం తనకూ తెలుసు గనక చుంచెలుక కూడా ముందుకాలు ఎత్తింది.

పుంజు గెలిచింది. మాట తప్పలేదు. రంగురంగుల ద్వారం లేచింది. దాని స్తంభం ఒకటి కాలువలోనే దిగి, నీళ్లకున్న కాస్త దారినీ మూసేసింది.

తొలి వానకే కలుగు నిండిపోయింది. చుంచెలుక తిండి వెతుక్కుని వచ్చేసరికి పిల్లలు నీళ్లలో తేలుతున్నాయి.

పుంజు పరుగున వచ్చింది. దాని కళ్లలో నిజంగానే నీళ్లు. "రేపే కాలువ పని మొదలెడతాను, చెల్లీ. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

చుంచెలుక పిల్లల్ని ఒక్కొక్కటిగా గట్టుకు చేర్చింది.

"వీళ్లను ఆ ద్వారం కిందనుంచే తీసుకెళ్తానన్నా. నేనూ కోరుకున్నదే గదా. చూసి మురిసేవాళ్లే. ఇంకా కళ్లు తెరవలేదు."