గాలి ఆపినవాడు

పగటి ఎండ యాభై అయిదు డిగ్రీలు దాటడం మామూలైపోయాక, విశాఖలో డబ్బున్నవాళ్లు అద్దాల గోపురం కట్టుకుని అందులోకి మారారు. దాని గాలిగొట్టాలు కడిగే పని పైడికొండమ్మది. నిరుడు పనివాళ్లు సమ్మె చేస్తే, గోపురం అధికారి శశిభూషణరావు వాళ్ల బస్తీకి గోపురం నుంచి వచ్చే చల్లగాలి ఆపించాడు. మూడోరోజు ఆమె కూతురు వడదెబ్బకి చనిపోయింది.

ఈ ఉదయం బస్తీ తిరగబడి గోపురాన్ని పట్టుకుంది. శశిభూషణరావు ఎనిమిదేళ్ల కూతురితో ఒక గదిలో దూరి తలుపు బిగించుకున్నాడు. పైడికొండమ్మ ఆ గదికి గాలి వెళ్లే వాల్వు కట్టేసి బయట నిలబడింది. గంట తర్వాత లోపలి నుంచి అతని గొంతు వినబడింది.

"పాపకి ఊపిరాడటం లేదమ్మా. చిన్నపిల్ల, దానికేం తెలుసు?"

"నానూ నీ కాడికొచ్చి ఆ ముక్కే అన్నాను బాబూ. పైనించి ఆర్డరు, నా సేతిలో లేదన్నావు."

"తప్పయిపోయింది. వదులు."

"నువ్వు బయటికి రా. పిల్లకి గాలొదుల్తాను."

అతను వచ్చాడు. ఆమె మాట తప్పకుండా వాల్వు తిప్పింది. తర్వాత అతన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపించుకెళ్లి, కూతురు పోయిన తన రేకుల గదిలోకి తోసి, చల్లగాలి కట్టేసి తాళం వేసింది.

తిరిగొచ్చి పిల్లకి నీళ్లందించింది.

"నాన్నేరి?"

"మా ఇంట్లో ఉన్నాడు."

పిల్ల గ్లాసు ముట్టుకోలేదు. ఏడవనూ లేదు. ఆమె ముఖాన్ని గుర్తుపెట్టుకుంటున్నట్టు అలా చూస్తూ ఉండిపోయింది.