జోడు జంపఖానాలు

వరద నీళ్లు మగ్గం గుంతలల్ల నిలిచిన ఏడు పోయి, ఆ మరుసటి ఏడు.

పర్శరాములు, రాజలింగు అన్నదమ్ములు. కొత్తవాడల ఒక్కటే ఇల్లు, నడుమ గోడ. గోడ వాళ్లు పెట్టుకున్నదే. ఇటు రాజలింగు మగ్గం, అటు అన్న మగ్గం. గోడ లేచిననాటి నుంచి ఇద్దరి నడుమ మాట లేదు.

సొసైటీ ఇచ్చేది మాత్రం జోడు పని. రెండు జంపఖానాలు పక్కపక్కన పరిస్తే పట్టెకు పట్టె కలవాలె. ఒకటి జానెడు వెనకబడ్డా రెండూ వాపస్.

సొసైటీ కాయిదా ఒకటే. మనిషికొక మగ్గం. ఆగిన మగ్గం పేరు కొట్టేస్తరు, నూలు బందు. అన్న పెండ్లాం అనసూర్యకు, ఇద్దరు పిల్లలకు ఆ నూలు మీదనే బువ్వ.

ఆరు నెలల కింద సూపర్‌వైజర్ మారిండు. మల్లికార్జున్ సారు. నెలకోసారి బట్ట కొలువ వస్తడు. ఈసారి చెప్పకుండ వచ్చిండు.

"అనసూర్యా, సారు వస్తాండు!" ఎదురింటి బక్కమ్మ కేకేసింది.

అనసూర్య లోపలికి ఉరికింది. బొట్టు పెట్టుకొని, గాజులు వేసుకొని వచ్చి గడపల నిలవడ్డది.

సారు ముందు రాజలింగు మగ్గం మీద టేపు వేసిండు. మూడు గజాల జానెడు. గల్లీ తిరిగి అటు ఇంట్లకు పోయిండు. రాజలింగు వెనకే పోయిండు. అటు కూడ మూడు గజాల జానెడే.

"మీ ఆయన ఏడమ్మా?"

"ఇంట్ల లేడు సార్."

"ఎప్పుడొచ్చినా ఇదే ముచ్చట. నువ్వే నేస్తున్నవా ఏంది?"

"మాది నర్సంపేటల రంగులద్దే ఇల్లు సార్. నాకు మగ్గం రాదు."

"కూసో. చూస్త."

కూసున్నది. నాడె విసిరింది. రెండు పోగులు తెగినయి.

"చాలు తల్లీ, లే! ఉన్న బట్ట ఖరాబు జేస్తవు." సారు నవ్విండు. నవ్వుతనే బట్ట మీదికి వంగిండు. "ఇగో, ఈ ఎర్రపట్టెల రెండు పోగులు ఎక్కువున్నయి."

మళ్లా గల్లీ తిరిగి ఇటు వచ్చిండు. రాజలింగు బట్టల కూడ అదే పట్టె. అవే రెండు పోగులు.

"తప్పు గూడ జోడేనా రాజలింగూ?"

"ఒక తల్లి కడుపుల పుట్టినోళ్లం సార్."

"మాట లేకుండ ఇంత పక్కాగ ఎట్ల కలుస్తదయ్యా?"

"ఇటు జానెడు అయినంక అటు జానెడు అయితది."

వెంబడే వచ్చిన బక్కమ్మ నడుమల జొచ్చింది. "వాళ్ల పంతం మీకు ఎర్క లేదు సార్. ఇటు మగ్గం మోగితే అటు మోగదు. ఆ గోడ మీద పిల్లి గూడ నడువదు, ఎవరి దిక్కు దుంకాల్నో తెల్వక."

సారు రాజలింగు భుజం మీద చెయ్యేసిండు. "చిన్నోనివి. నువ్వే వంగు. జర పిలువు, నేను నడుమ ఉంట. చెయ్యి చెయ్యి కలుపుండ్రి."

"రాడు సార్."

"అంత కోపమా?"

రాజలింగు గోడ దిక్కు చూసిండు.

"పిలువాల్సిన నాడు నేను పిలువలే."

సారు భుజం మీది చెయ్యి తీసిండు. రెండు పేర్ల ముంగట టిక్కు పెట్టిండు. ఇద్దరికీ నూలు రాసిచ్చి సైకిలెక్కిండు.

రాజలింగు మళ్లా అటు ఇంటికి పోయిండు. అనసూర్య కొంగుతోటి మొఖం తుడుచుకుంది. చెంబుల నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"వచ్చే నెల గూడ వస్తడు గద, రాజలింగూ?"

"రానియ్యి వదినె. ఫికర్ చెయ్యకు."

నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, తన ఇంట్లకు పోయిండు.

తెల్లారి రాజలింగు, అన్న పర్శరాములుకు ఏడాది మాసికం పెట్టించి, కాకి ముద్ద ముట్టిందాక ఆగి, ఇంటికొచ్చి తన మగ్గం మీద జానెడు నేసి లేచి, గల్లీ తిరిగి పోయి అన్న మగ్గం మీద కూసొని ఆ జానెడే మళ్లా నేసిండు.